మార్ఫిన్‌కి ఒళ్ళు అలవాటు పడితే నొప్పికి పనిచెయ్యడం మానేస్తుందా? మలబద్ధకానికి మాత్రం ఎందుకు అలవాటు పడదు?

మిగతావాళ్ళకి కూడా అర్థం కావడానికి మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారికి 62 ఏళ్ళు, నోటి క్యాన్సర్. నెలన్నరగా మార్ఫిన్ మాత్ర 10 మిల్లీగ్రాములు నాలుగు గంటలకోసారి వేస్తున్నారు. మొదటి నాలుగైదు రోజులు కంచం ముందు కూర్చునే తూగారు, వాంతి వచ్చేలా ఉందన్నారు. ఇప్పుడు మత్తూ లేదు, వికారమూ లేదు, పొద్దున్నే పేపరు చదువుతున్నారు. మలబద్ధకం మాత్రం మొదట్లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మత్తు పోయిందంటే మందు పవర్ తగ్గినట్టేనని, రేపో మాపో నొప్పికి కూడా పనిచెయ్యదని మీ టెన్షన్. "ఇప్పుడే డోసు పెంచేస్తే చివర్లో ఇవ్వడానికి ఏమీ మిగలదు" అని మీ బాబాయిగారు అడ్డుపడుతున్నారు.

నేను పాలియేటివ్ కేర్ డాక్టర్ని, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే వైద్యం చేస్తాను. చాలా ఏళ్ళుగా ఇదే పని. సూటిగా చెబుతాను: మత్తు పోవడం మందు పవర్ తగ్గిందనడానికి గుర్తు కాదు. మార్ఫిన్ ఒంట్లో పది రకాల పనులు చేస్తుంది. ఒక్కో పనికి శరీరం ఒక్కో వేగంతో అలవాటు పడుతుంది. వికారానికీ మత్తుకీ కొద్దిరోజుల్లోనే అలవాటు పడుతుంది. నొప్పి తగ్గించే గుణానికి చాలా నెమ్మదిగా, కొంతమేరకే అలవాటు పడుతుంది. మలబద్ధకానికీ, కంటిపాప చిన్నదవడానికీ దాదాపు పడదు. మీ నాన్నగారి ఒంట్లో ఇప్పుడు జరుగుతున్నది మేం కోరుకునేదే. అక్కర్లేనివి పోయాయి, కావలసింది నిలిచింది. మలబద్ధకం ఒక్కటి మిగిలింది, దానికి మందు వెయ్యాలి.

చివరికి మిగలదన్న మాట గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ట్రామడాల్ అనే నొప్పిమందుకి రోజుకి 400 మిల్లీగ్రాములని ఒక గీత ఉంది, అది దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మార్ఫిన్‌కి అలాంటి గీత లేదు. నొప్పిని బట్టి, సైడ్ ఎఫెక్ట్‌లని బట్టి డాక్టరు పెంచుకుంటూ వెళ్ళవచ్చు. మార్ఫిన్ ఒకవేళ సరిపడకపోతే ఫెంటనిల్, మెథడోన్ లాంటివి ఉన్నాయి. రేపటి కోసమని ఇవాళ దాచుకునే మందు కాదిది. ఇవాళ పంటి బిగువున ఓర్చుకుంటే రేపు మందు బాగా పనిచేస్తుందనేది నిజం కాదు. పైగా చాలాకాలం ఉధృతంగా ఉండనిచ్చిన నొప్పికి వెన్నుపాములోని నరాలు మరింత సున్నితమవుతాయి, అప్పుడు దాన్ని అదుపు చెయ్యడం ఇంకా కష్టం.

ఇక ఒక్కోదానికి అలవాటు వేరువేరుగా ఎందుకు పడుతుందో చెబుతాను. ఇది తెలిస్తే ఇంట్లో మీరు గమనించే మార్పులు సగం మీకే అర్థమవుతాయి.

మార్ఫిన్ వెళ్ళి అతుక్కునే చోటుని మ్యూ రిసెప్టర్ అంటారు. ఈ రిసెప్టర్లు మెదడులో, వెన్నుపాములో, పేగుల గోడల్లోని నరాల్లో, చాలాచోట్ల ఉన్నాయి. వికారం పుట్టించే కేంద్రంలో ఉన్నదీ, ఊపిరిని నడిపించే కేంద్రంలో ఉన్నదీ, పెద్దపేగులో ఉన్నదీ అదే రిసెప్టర్. కానీ అవి ఉన్న కణాలు వేరు. మందు పదేపదే వచ్చి తగులుతుంటే కణం సర్దుకుంటుంది. రిసెప్టర్ మీద ఫాస్ఫేట్ చేరుతుంది, అరెస్టిన్ అనే ప్రొటీన్ వచ్చి దాన్ని అడ్డుకుంటుంది, కొన్ని రిసెప్టర్లు కణం లోపలికి వెళ్ళిపోతాయి. మార్ఫిన్ అణిచిపెట్టిన రసాయన మార్గాన్ని కణం తన వంతుగా పైకి లేపుతుంది. ఈ సర్దుబాటు కొన్ని కణాల్లో గబగబా జరిగిపోతుంది, కొన్నిటిలో అరకొరగా జరుగుతుంది. రిసెప్టర్లు అవసరానికి మించి నిల్వ ఉన్నచోట కొన్ని పనిచెయ్యడం మానేసినా ఫలితం పెద్దగా తగ్గదు. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో చిన్నపేగు చివరి భాగం మార్ఫిన్‌కి అలవాటు పడింది, పెద్దపేగు పడలేదు. మలంలో నీరు పీల్చుకుని గట్టిపరిచేది పెద్దపేగే. నెలలు గడిచినా మలబద్ధకం మొదటిరోజులాగే ఉండడానికి ఇదొక కారణం.

చాలామంది అనుకున్నట్టు లివర్ మందుని తొందరగా కరిగించేయడం వల్ల వచ్చే మార్పు కాదిది. రక్తంలో మందు అంతే ఉంటుంది, కణాలు దానికి స్పందించే తీరు మారుతుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కిడ్నీల దగ్గర చెబుతాను.

వికారం, మత్తు. మార్ఫిన్ మొదలుపెట్టిన వాళ్ళందరికీ వికారం రాదు. వచ్చినవాళ్ళకి ఎక్కువగా వారంలోపే సర్దుకుంటుంది. అందుకే మొదటివారం మెటోక్లోప్రమైడ్ లాంటి మందు కలిపి ఇచ్చి తర్వాత ఆపేస్తాం. మత్తు కూడా మూడురోజుల నుంచి వారంలో పోతుంది. డోసు పెంచినప్పుడు మళ్ళీ రెండుమూడు రోజులు కనిపించి తగ్గుతుంది. మొదటి రోజుల నిద్రలో కొంత మందు వల్ల వచ్చేది కానే కాదు. వారాల తరబడి నొప్పితో రాత్రిళ్ళు మేలుకున్న మనిషి నొప్పి తగ్గగానే ఆ నిద్రంతా తీర్చుకుంటాడు. లేపితే లేచి, మాట్లాడి, మళ్ళీ పడుకుంటే భయపడక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు భయపడి మందు ఆపేది సరిగ్గా ఈ నాలుగైదు రోజుల్లోనే. ఆపితే నొప్పి తిరగబెడుతుంది, మళ్ళీ మొదలుపెడితే మత్తు మళ్ళీ మొదటికి వస్తుంది. మీరు ఆపకుండా నిలబడ్డారు, మంచిపని చేశారు.

నొప్పి. ఇక్కడ నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. స్థిరంగా ఒక డోసు మీద ఉన్న క్యాన్సర్ పేషెంటుకి నొప్పి పెరిగితే మొదట అనుమానించాల్సింది అలవాటుని కాదు, జబ్బుని. లండన్‌లోని సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌లో (చివరిదశ రోగులని చూసుకునే ఆసుపత్రి) డాక్టర్ రాబర్ట్ ట్వైక్రాస్ 1970లలోనే నెలల తరబడి ఓపియాయిడ్లు (మార్ఫిన్ జాతి మందులు) వాడిన క్యాన్సర్ పేషెంట్ల డోసులు గమనించి, చాలామందిలో డోసు ఒక స్థాయికి చేరి అక్కడ స్థిరపడుతుందని చూపించాడు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలోనూ ఇదే కనిపిస్తుంది. జబ్బు కదలకుండా ఉన్నంతకాలం అదే డోసు నెలలపాటు నడుస్తుంది.

ఒకాయనకి ఐదునెలలు ఒకే డోసు సరిపోయింది. తర్వాత వారంరోజుల్లో నడుం దగ్గర నొప్పి ఎక్కువైంది. "మందుకి అలవాటు పడిపోయాడు సార్, ఇక పనిచెయ్యట్లేదు" అని కొడుకు చెప్పాడు. మంచం మీద పడుకోబెట్టి వెన్నుపూసల మీద ఒక్కొక్కటిగా వేలితో తట్టుకుంటూ వస్తుంటే ఒకచోట ఉలిక్కిపడ్డాడు. కాళ్ళు ఎత్తమంటే ఎడమకాలు సగం దాకే లేచింది. ఎమ్మారైలో వెన్నుపూసలోకి క్యాన్సర్ పాకి వెన్నుపామును నొక్కుతోందని తేలింది. ఆ సాయంత్రమే స్టెరాయిడ్ మొదలుపెట్టి మర్నాడు రేడియేషన్‌కి పంపాం. అలవాటేనని తోసిపుచ్చి డోసు పెంచి పంపితే కాళ్ళు పడిపోయేవి. అందుకే నొప్పి పెరిగిందంటే ఎక్కడ, ఎలా, ఎప్పుడు అని అడగకుండా, ఒంటిమీద చెయ్యివేసి చూడకుండా డోసు పెంచకూడదు.

నిజంగానే అలవాటు వల్ల నొప్పి తిరిగి రావడం లేదా అంటే, ఉంది. నరాలకి సంబంధించిన నొప్పుల్లో, వేగంగా డోసు పెంచినవాళ్ళలో, ఆపరేషన్ సమయంలో చాలా బలమైన ఓపియాయిడ్లు ఎక్కించినవాళ్ళలో చూస్తాం. దానికి దారి ఉంది. డాక్టరు డోసుని సాధారణంగా మూడోవంతు నుంచి సగం దాకా పెంచుతారు, లేదా వేరే ఓపియాయిడ్‌కి మారుస్తారు. మార్చడం వల్ల ఒక లాభం ఉంది: ఒక ఓపియాయిడ్‌కి పడ్డ అలవాటు ఇంకోదానికి పూర్తిగా వర్తించదు. లాభం ఉన్నచోటే ప్రమాదం కూడా ఉంది. ఏ మందు ఎంతకి సమానమో చెప్పే పట్టిక చూసి లెక్కకట్టిన డోసుని యథాతథంగా ఇచ్చేస్తే కొత్తమందు ఎక్కువైపోతుంది. అందుకే లెక్కలో వచ్చినదాన్ని పాతిక నుంచి యాభై శాతం తగ్గించి మొదలుపెడతాం. మెథడోన్ విషయంలో ఇంకా ఎక్కువ తగ్గిస్తాం. అది మాత్రం అనుభవం ఉన్నవాళ్ళే చెయ్యాలి.

అలవాటుని పోలి ఉండే ఇంకో స్థితి ఉంది. ఓపియాయిడ్లే నొప్పిని పెంచడం. డోసు పెంచినకొద్దీ నొప్పి పెరుగుతుంది, మొదట లేనిచోట్లకి పాకుతుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఎక్కువ డోసుల్లో దానితోపాటు కండరాలు ఉలిక్కిపడుతుంటాయి. టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఉన్నట్టుండి ఎగిరిపడి టీ ఒలికిపోతుంది, నిద్రలో భుజాలు జలదరిస్తాయి. మీ నాన్నగారిలో ఇది కనబడితే ఫోన్లో డోసు అడగకండి, తీసుకెళ్ళండి. అక్కడ చెయ్యాల్సింది పెంచడం కాదు, తగ్గించడమో మార్చడమో.

ఊపిరి. అందరి భయం దీని మీదే. ఊపిరి మందగించడానికి కూడా అలవాటు పడుతుంది, కానీ పూర్తిగా పడదు. క్యాన్సర్ నొప్పికి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్ళినవాళ్ళలో ఊపిరి ఆగిపోయే స్థితి చాలా అరుదు. అందుకు ఒక కారణం అలవాటైతే రెండోది నొప్పే. నొప్పి ఊపిరిని ఉరకలెత్తిస్తుంది, మార్ఫిన్ మందగింపజేస్తుంది, రెండూ ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి.

అందుకే నొప్పి ఒక్కసారిగా మాయమైనప్పుడు జాగ్రత్తపడాలి. తొడ ఎముకలో గడ్డకి రేడియేషన్ తీసుకున్న ఒకావిడ రెండువారాల తర్వాత నొప్పి దాదాపు పోయిందని సంతోషంగా చెప్పింది. మాత్రలు మాత్రం పాత లెక్కే వేసుకుంటోంది. మూడోరోజు నుంచి మాట మధ్యలో కళ్ళు మూసుకుపోతున్నాయని భర్త తీసుకొచ్చాడు. కొత్తమందు ఏదీ చేరలేదు. మందుకి ఎదురు నిలిచిన నొప్పి తొలగిపోయిందంతే. డోసుని మెట్లుమెట్లుగా తగ్గించుకుంటూ వచ్చాం. రేడియేషన్, నరం బ్లాక్ (నొప్పి మోసే నరాన్ని ఇంజక్షన్‌తో మొద్దుబార్చడం) లాంటివి చేయించుకుంటే మార్ఫిన్ ఇచ్చే డాక్టరుకి ఆ సంగతి చెప్పి తీరాలి.

క్యాన్సర్ లేకుండా, సుఖం కోసం వాడేవాళ్ళ సంగతి వేరు. ఆ సుఖానికి శరీరం చాలా తొందరగా అలవాటు పడుతుంది. ఊపిరికి పడే అలవాటు దాని వెనక ఎక్కడో ఉంటుంది. మొదటిరోజు అనుభూతి కోసం పెంచుకుంటూ పోతుంటే ప్రాణాంతకమైన డోసుకి దూరం రోజురోజుకీ తగ్గిపోతుంది. ఏళ్ళ తరబడి హెరాయిన్ (మార్ఫిన్ జాతి మత్తుమందే) వాడిన మనిషి కూడా ఓవర్‌డోస్‌తో చనిపోవడానికి కారణాల్లో ఇదొకటి.

మరో కారణం ఆపి మళ్ళీ మొదలుపెట్టడం, ఇది మీకూ సంబంధించినదే. మందు ఆపితే అలవాటు కూడా పోతుంది, అదీ తొందరగా. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ళ మీద 2007లో ఒక అధ్యయనం వెలువడింది. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో డ్రగ్ ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు ఉంది. లోపల ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు అలవాటు తప్పింది, బయటికి రాగానే పాత మోతాదే ఎక్కించుకున్నారు.

మన దగ్గర ఇది వేరే రూపంలో ఎదురవుతుంది. మార్ఫిన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు. మాత్రలు అయిపోయాయి, ఊళ్ళో కోతలో, పెళ్ళో ఉండి పట్నం రావడం కుదరలేదు, పదిరోజులు ఏ డైక్లోఫెనాకో వేసుకుని నెట్టుకొచ్చారు. తర్వాత మందు దొరకగానే పాత చీటీలో ఉన్న డోసు వేస్తారు. తప్పు డోసేమీ ఇవ్వలేదు కదా అని అనిపిస్తుంది. కానీ ఆ డోసు పదిరోజుల కిందటి శరీరానికి సరిపోయినది. ఒకటి రెండు డోసులు తప్పితే ఫరవాలేదు, మామూలుగా కొనసాగించండి. కొన్నిరోజులు పూర్తిగా ఆగిపోతే మాత్రం డాక్టరుకి చెప్పి తక్కువ డోసుతో మళ్ళీ మొదలుపెట్టాలి.

దీనికి సంబంధించి నన్ను బాగా ఆలోచింపజేసిన ప్రయోగం ఒకటుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో షెపర్డ్ సీగెల్, ఆయన సహచరులు 1982లో ప్రచురించారు. ఎలుకలకి ఒకే గదిలో కొద్దికొద్దిగా హెరాయిన్ పెంచుతూ ఇచ్చి అలవాటు చేశారు. తర్వాత అన్నిటికీ ఒకే పెద్ద డోసు ఇచ్చారు. ఎప్పుడూ హెరాయిన్ తీసుకోని ఎలుకల్లో 96 శాతం చనిపోయాయి. అలవాటైన ఎలుకల్లో పాత గదిలోనే ఇచ్చినవాటిలో 32 శాతం చనిపోతే, వేరే గదిలో ఇచ్చినవాటిలో 64 శాతం చనిపోయాయి. మందు అదే, డోసు అదే, గది ఒక్కటే తేడా. మందు వస్తోందని శరీరం చుట్టూ ఉన్న గుర్తుల ద్వారా ముందే పసిగట్టి సిద్ధమవుతుందన్నమాట. మాత్రల రూపంలో టైము ప్రకారం తీసుకునే మీ నాన్నగారు ఊరు మారితే ఏదో అవుతుందని దీని అర్థం కాదు, ఆ భయం అక్కర్లేదు. అలవాటనేది కణాల్లోనే కాదు, మెదడు నేర్చుకున్న పాఠంలో కూడా ఉందని తెలుస్తుంది. అందుకే డీ-అడిక్షన్ నుంచి బయటికొచ్చినవాళ్ళ కుటుంబాలకి ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

మలబద్ధకం. మీ ఇంట్లో ఇప్పుడున్న అసలు సమస్య ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. అలవాటు పడదని ముందే తెలుసు గనక మార్ఫిన్ చీటీ రాసిన చేత్తోనే విరేచనాల మందు కూడా రాయాలి. మార్ఫిన్ ఉన్నన్నాళ్ళూ అది ఉండాలి. డోసు పెరిగితే దాన్నీ పెంచాలి. మీకు ఇసబ్గోల్ రాసిచ్చారని చెప్పారు. అది మామూలు మలబద్ధకానికి మంచిదే, ఇక్కడ మాత్రం వద్దు. ఇసబ్గోల్ నీళ్ళు పీల్చుకుని మలాన్ని లావు చేస్తుంది, ఆ లావు చూసి పేగు కదలాలి. మీ నాన్నగారి పేగుని మార్ఫిన్ కదలనివ్వట్లేదు, నోటి పుండు వల్ల ఆయన నీళ్ళూ ఎక్కువ తాగలేకపోతున్నారు. మలం మరింత గట్టిపడి అడ్డుపడే ప్రమాదం ఉంది. పేగుని కదిలించే మందు కావాలి: బైసాకోడిల్, సెన్నా, సోడియం పికోసల్ఫేట్ లాంటివి. దానికి తోడు మెత్తబరిచేవి: లాక్ట్యులోజ్, పాలిఎథిలిన్ గ్లైకాల్. మూడురోజులు విరేచనం కాకపోతే మామిడిపళ్ళూ అరటిపళ్ళూ పెట్టి చూద్దామని ఆగకుండా సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) గానీ ఎనిమా గానీ చేయించాలి.

ఇక్కడ అందరూ మోసపోయేచోటు ఒకటుంది. ఒక పెద్దావిడకి మందు బాగా పనిచేసి రోజుకి ఏడెనిమిదిసార్లు నీళ్ళ విరేచనాలు అవుతున్నాయని కోడలు విరేచనాల మందు ఆపేసింది. నాలుగురోజులకి కడుపు ఉబ్బి, వాంతులతో తీసుకొచ్చారు. గ్లవ్ వేసుకుని చూస్తే లోపల మలం రాయిలా గట్టిపడి దారి మూసేసింది. పైనున్న నీళ్ళు మాత్రం ఆ గడ్డ పక్కల నుంచి కారుతున్నాయి. మార్ఫిన్ మీద ఉన్న మనిషికి అంతదాకా మలబద్ధకం ఉండి హఠాత్తుగా కొంచెం కొంచెంగా నీళ్ళ విరేచనాలు మొదలైతే, మందు ఆపేముందు నర్సుతో గానీ డాక్టరుతో గానీ పరీక్ష చేయించండి.

ఎన్ని వేసినా కుదరకపోతే మెదడులోకి వెళ్ళకుండా పేగుల్లోనే మార్ఫిన్‌ని అడ్డుకునే మిథైల్‌నాల్ట్రెక్సోన్ లాంటి మందులున్నాయి. ఫెంటనిల్ పట్టీకి మారిస్తే కూడా కొందరికి మలబద్ధకం తగ్గుతుంది. పట్టీ వేసినవాళ్ళకి మన ఎండాకాలంలో ఒక జాగ్రత్త: జ్వరం వచ్చినా, పట్టీ మీద వేడినీళ్ళ కాపడం పెట్టినా మందు ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది.

కంటిపాప సంగతి రెండుముక్కల్లో. మార్ఫిన్ వాడినన్నాళ్ళూ అది చిన్నగానే ఉంటుంది, ఏళ్ళు గడిచినా పెద్దగా మారదు. కాబట్టి టార్చి వేసి చూసి కంటిపాప సూదిమొనలా ఉందని ఓవర్‌డోస్ అనుకోకండి. లేపితే లేస్తున్నారా, ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు తీస్తున్నారు అన్నవే చూడాలి. ఎక్కువకాలం వాడే మగవాళ్ళలో టెస్టోస్టెరాన్ తగ్గడానికి కూడా శరీరం అలవాటు పడదు. నీరసం, ఆసక్తులు తగ్గడం ఉంటే అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇప్పుడు కిడ్నీల మాట. ఒకసారి పోయిన మత్తు, డోసు పెంచకుండానే తిరిగొస్తే దాన్ని మార్ఫిన్ ఖాతాలో వేసి ఊరుకోకూడదు. అలవాటు పడ్డాక అదే డోసుకి మళ్ళీ మత్తు రావాలంటే మధ్యలో ఏదో మారి ఉండాలి. మార్ఫిన్‌ని లివర్ మార్చగా వచ్చే పదార్థాలు, వాటిలో ఒకటి మార్ఫిన్ కన్నా బలమైనది, కిడ్నీల ద్వారా బయటికి పోతాయి. రెండురోజులు వాంతులో విరేచనాలో అయి ఒంట్లో నీరు తగ్గినా, డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రల వల్ల కిడ్నీలు దెబ్బతిన్నా అవి పేరుకుపోతాయి. రక్తంలో కాల్షియం పెరిగినా, ఇన్ఫెక్షన్ వచ్చినా, జబ్బు మెదడుకి పాకినా మత్తు వస్తుంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాల్షియం పరీక్ష చేయించడం పెద్ద ఖర్చు కాదు.

మత్తు తిరిగి రావడానికి మన దగ్గర ప్రత్యేకంగా ఒక కారణం ఉంది: కల్లు. తెలంగాణలో చాలాచోట్ల అమ్మే కల్తీకల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్ అనే మత్తుమందులు కలుపుతారని అందరికీ తెలిసిందే. వాటికి శరీరం పడే అలవాటు వేరు, మార్ఫిన్‌కి పడే అలవాటు వేరు. ఒకదాని అలవాటు రెండోదాని నుంచి కాపాడదు. రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. సారా, బ్రాందీ అయినా అంతే. నిద్రమాత్రలు, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ కొత్తగా ఎవరైనా రాసిస్తే మార్ఫిన్ సంగతి చెప్పండి. కల్లు మీద పేషెంట్లని మందలించే అలవాటు నాకు లేదు. మందలిస్తే చెప్పడం మానేస్తారు, అది ఇంకా ప్రమాదం. ఎంత తాగుతున్నారో నిజం చెబితే దాన్నిబట్టి డోసు సర్దుతాం.

మీ అమ్మగారు అడిగిన "బానిస అయిపోతారా" అన్న ప్రశ్నకి వస్తాను. డోసు పెంచాల్సి రావడం ఒకటి. మందు ఒక్కసారిగా ఆపితే చెమటలు, ఆవలింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు రావడం రెండోది. ఇవి రెండూ ఎవరి శరీరంలోనైనా జరిగేవే. నొప్పి లేకపోయినా, హాని జరుగుతోందని తెలిసినా మందు కోసం వెంపర్లాడటం మూడోది, అదే వ్యసనం. క్యాన్సర్ నొప్పికి టైము ప్రకారం మాత్ర వేసుకునేవాళ్ళలో ఈ మూడోది తక్కువ. నాన్నగారు గడియారం చూసి మాత్ర అడుగుతున్నారంటే నాలుగో గంట రాకముందే నొప్పి మొదలవుతోందేమో అడిగి చూడండి. చాలాసార్లు డోసు సరిపోకపోవడమే కారణం. ఆయనకి రోజు మొత్తం 60 మిల్లీగ్రాములు వెళ్తోంది. మధ్యలో నొప్పి వస్తే అందులో ఆరోవంతు, అంటే ఇంకో 10 మిల్లీగ్రాముల మాత్ర అదనంగా వెయ్యడం మా మామూలు పద్ధతి. మీ చీటీలో ఆ అదనపు డోసు రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే రాయించుకోండి. ఒక నోటుబుక్కులో ఆ అదనపు మాత్ర ఏ టైముకి వేశారో, విరేచనం ఎప్పుడైందో రాస్తే చాలు, డోసు ఎంత పెంచాలో ఆ పేజీ చూసి నిర్ణయించవచ్చు.

నడుం నొప్పికో మోకాళ్ళ నొప్పికో ఏళ్ళ తరబడి ట్రామడాల్, టాపెంటడాల్ వాడుతున్నవాళ్ళు ఇది చదివి మాకూ ఇదే వర్తిస్తుందని అనుకోకండి. అక్కడ పెంచుకుంటూ పోవడం వల్ల లాభం తక్కువ, నష్టం ఎక్కువ. నా సలహా ఎక్కువమందికి నెమ్మదిగా తగ్గించుకోమనే. హఠాత్తుగా మాత్రం ఆపకండి.

ఇవి కనబడితే రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి: భుజం తట్టి పిలిచినా కళ్ళు తెరవకపోవడం, ఊపిరి నిమిషానికి 8 కన్నా తగ్గడం, పెదవులు నీలంగా మారడం. అక్కడ మార్ఫిన్ పనిని అడ్డుకునే నాలాక్సోన్ ఇస్తారు. క్యాన్సర్ నొప్పికి రోజూ మార్ఫిన్ వాడుతున్న మనిషని వాళ్ళకి తప్పకుండా చెప్పండి. ఊపిరి కుదురుకునేంత వరకు కొంచెం కొంచెంగా ఇవ్వాలి. ఒక్కసారే మొత్తం ఇచ్చేస్తే ఆపుకున్న నొప్పంతా ఒకేసారి తిరగబెడుతుంది.

మాత్రలు తాళం వేసిన చోట పెట్టండి. నాన్నగారు తేలిగ్గా తట్టుకుంటున్న డోసు ఆయన నెలన్నరగా అలవాటు చేసుకున్నది. అదే మాత్రలు పసిపిల్లల చేతికి చిక్కినా, మోకాళ్ళ నొప్పని బామ్మగారు రెండు వేసుకున్నా వాళ్ళ శరీరానికి ఆ అలవాటు లేదు. డోసు మారి కొన్ని మిగిలిపోతే దాచుకోకండి, ఎవరికీ ఇవ్వకండి, ఈసారి వెళ్ళినప్పుడు మార్ఫిన్ ఇచ్చిన ఆసుపత్రిలోనే లెక్కపెట్టించి అప్పజెప్పండి.